ముందు నిర్ణయం, ఆ తర్వాతే రాయబార కార్యాలయం: ఒక మయన్మార్ తెలుగు యువకుడి రిట్ పిటిషన్

ఈ కేసులో పిటిషనర్ మయన్మార్ పౌరుడు, ఇరవైల వయసులో ఉన్న అవివాహితుడు, ఇంట్లో తెలుగూ వీధిలో బర్మీస్ భాషా మాట్లాడుతూ మోన్ రాష్ట్రంలో పెరిగినవాడు. అతని ముత్తాత ఇప్పటి ఒడిశాలోని గంజాం జిల్లా తీరాన, గోపాల్‌పూర్‌కూ ఛత్రపురానికీ మధ్యనున్న ఒక తెలుగు పల్లె నుంచి ఓడెక్కి రంగూన్ రేవుకు కూలికి వెళ్లినవాడు. శరణు కోరుతూ పిటిషనర్ పెట్టుకున్న దరఖాస్తును అధికారులు తిరస్కరించి, అతన్ని స్వదేశానికి పంపే ఏర్పాట్లు మొదలుపెట్టిన దశలో ఆ ఫైలు బరంపురంలోని నా ఆఫీసుకు వచ్చింది. ప్రభుత్వ చర్యను హైకోర్టులో ప్రశ్నించే వీలిచ్చే రాజ్యాంగం 226వ అధికరణం కింద కటక్‌లోని హైకోర్టులో రిట్ వేశాం. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరిపేరూ కుటుంబ వివరాలూ కొన్ని మార్చి రాస్తున్నాను.

తోటి న్యాయవాదుల ముందు పెట్టదలచినది ఒక్కటే. శరణు తిరస్కరణ మీద న్యాయ సమీక్ష అనగానే మన దృష్టి క్లయింటు చెప్పినది నిజమా కాదా అన్న దాని మీదకు పోతుంది. ఈ కేసులో అసలు ప్రమాదం అక్కడ లేదు. మనిషిని తిప్పి పంపడానికి మన ప్రభుత్వం అనుసరించే పద్ధతే, అంటే ఎవరి నుంచి తప్పించుకు వచ్చాడో ఆ ప్రభుత్వపు రాయబార కార్యాలయానికే అతని పేరు, ఫోటో, తండ్రి పేరు, స్వగ్రామం పంపి ప్రయాణపత్రం అడగడమే, అప్పటివరకూ ఎక్కడున్నాడో వాళ్లకు తెలియని మనిషిని వాళ్లకు పట్టిస్తుంది. రిట్‌లో మా వాదన మొత్తాన్ని ఈ క్రమం మీదే నిలబెట్టాం.

రాక, అరెస్టు, తిరస్కరణ

1964లో జనరల్ నే విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసిన తర్వాత బర్మా నుంచి లక్షల్లో భారతీయులు తిరిగి వచ్చారు. మన వైపు వాళ్లలో చాలామంది ఓడల్లో విశాఖపట్నం చేరారు. అక్కడి బర్మా క్యాంపు అన్న పేరు ఆ కాలానిదే. పిటిషనర్ ముత్తాత తమ్ముడి కుటుంబం అలా వచ్చి గంజాంలోని స్వగ్రామంలో స్థిరపడింది. అన్నగారి కుటుంబం అక్కడే ఉండిపోయింది. పల్లెలోని పెద్దాయన, పిటిషనర్‌కు వరసకు తాత, నాతో చెప్పిన మాట అఫిడవిట్‌లో యథాతథంగా ఎక్కించాను: “మా పెదనాన్న రంగంలోనే (రంగూన్‌లోనే) ఉండిపోనాడు బాబూ. మా నాన్న ఒక్కడే పిల్లల్ని తీసుకొని వచ్చీసినాడు. ఉత్తరాలు మాత్రం నడిచీవి.”

ఆ ఉత్తరాల ఆధారంగానే 2023లో పిటిషనర్ సక్రమమైన వీసాతో కోల్‌కతాలో విమానం దిగి, రైల్లో బరంపురం వచ్చి, తాతగారింట్లో ఉన్నాడు. వీసా గడువు దాటేసరికి అక్కడి పరిస్థితి మారిపోయింది. 2010 నాటి ప్రజా సైనిక సేవా చట్టాన్ని మయన్మార్ సైనిక ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 10న అమల్లోకి తెచ్చింది. దాని ప్రకారం 18 నుంచి 35 ఏళ్ల మగవారు, 18 నుంచి 27 ఏళ్ల ఆడవారు రెండేళ్లు సైన్యంలో పనిచేయాలి. వైద్యులు, ఇంజనీర్ల వంటి వృత్తినిపుణులకు వయోపరిమితి ఇంకా ఎక్కువ. అత్యవసర పరిస్థితి పేరుతో ఆ సేవను అయిదేళ్ల దాకా పొడిగించవచ్చు. తప్పించుకున్నవారికి జైలు శిక్ష ఉంది. విడతకు 5,000 మంది చొప్పున ఏడాదికి 60,000 మందిని తీసుకుంటామని ప్రభుత్వ ప్రతినిధే ప్రకటించాడు. వార్డు కార్యాలయాల్లో చీటీలు తీసి పేర్లు ఎంపిక చేయడం మొదలైంది.

“చీటీలో నా పేరు పడింది సార్. అమ్మ ఫోన్ చేసి, ఇంక రావద్దురా అంది,” అని పిటిషనర్ మొదటి ములాకాత్‌లోనే చెప్పాడు. ఆ మాట అతని మొదటి వాంగ్మూలంలో మాత్రం ఎక్కడా లేదు. వీసా గడువు మించి ఉన్నందుకు 1946 విదేశీయుల చట్టం 14వ సెక్షన్ కింద కేసు పెట్టినప్పుడు వాంగ్మూలాన్ని ఒడియాలో రాసుకున్నారు. పిటిషనర్‌కు ఒడియా రాదు, చదవలేడు. దుభాషి ఉన్నట్టు కాగితాల్లో లేదు. “ఉపాధి నిమిత్తం వచ్చి బంధువుల వద్ద ఉంటున్నాను” అన్న ఒక వాక్యం కింద తెలుగులో అతని సంతకం ఉంది. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ప్రాక్టీసు చేసే వారెవరికీ ఇది కొత్త కాదు. తెలుగువాడి మాట ఒడియాలోకి వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లిషులోకి మారి, హైకోర్టు చేరేసరికి మరో మనిషి మాటలా కనిపిస్తుంది. మామూలు క్రిమినల్ కేసులో సాక్షి విచారణ సమయంలో దీన్ని సరిదిద్దుకునే వీలుంటుంది. శరణు వ్యవహారంలో ఆ వీలు లేదు, ఎందుకంటే ఆ ఒక్క వాక్యమే తర్వాత తిరస్కరణకు ఆధారమైంది.

నేరం ఒప్పుకున్నందుకు పడిన శిక్ష అప్పటికే అనుభవించిన కాలంతో సరిపోయింది. విడుదల కావలసినవాణ్ని, తిప్పి పంపేదాకా అదుపులో ఉంచమన్న ఉత్తర్వుతో నిర్బంధంలోనే ఉంచారు. అక్కడి నుంచే అతను, తాతగారి సాయంతో, తనను వెనక్కి పంపితే ప్రాణాపాయమని జిల్లా విదేశీయుల నమోదు అధికారికి లేఖ పెట్టుకున్నాడు. వచ్చిన జవాబు రెండే వాక్యాలు. దరఖాస్తుదారుడు ఉపాధి కోసం వచ్చినట్టు విచారణలో తేలిందని మొదటిది, అతని దావా ప్రాథమికంగా సమర్థనీయంగా లేనందున జాతీయత నిర్ధారణ చర్యలు కొనసాగించాలని రెండోది.

ఏ చట్టం కిందకు వస్తాడు

మన దేశంలో శరణార్థుల చట్టం లేదు. 1951 శరణార్థుల ఒడంబడిక మీద గాని, 1967 ప్రోటోకాల్ మీద గాని భారత్ సంతకం చేయలేదు. ఉన్నదల్లా శరణార్థులమని చెప్పుకునే విదేశీయుల విషయంలో కేంద్ర హోం శాఖ 2011 డిసెంబరు 29న జారీచేసి 2019లో సవరించిన కార్యవిధానం. జాతి, మతం, లింగం, జాతీయత, తెగ, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయాభిప్రాయం అనే కారణాలలో దేనివల్లనైనా హింసకు గురవుతామన్న భయం సహేతుకమని ప్రాథమికంగా కనిపిస్తే, దీర్ఘకాలిక వీసాకు రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి సిఫారసు చేయాలి. కనిపించకపోతే తిప్పి పంపే చర్యలు తీసుకోవాలి. ఆరు నెలల్లో అవి ఫలించకపోతే స్థానిక జామీను, పోలీసుల వద్ద హాజరు వంటి షరతుల మీద నిర్బంధం నుంచి వదిలే విషయం పరిశీలించాలి. ఇది చట్టం కాకపోయినా ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న పద్ధతి కాబట్టి, దాన్ని పాటించకపోవడం సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణం కింద ప్రశ్నించదగిన విషయం అవుతుంది.

తాతగారింట్లో అందరూ అడిగిన ప్రశ్న, మన రక్తమే కదా, మన మతమే కదా, పౌరసత్వం ఇవ్వరా అని. 2019 పౌరసత్వ సవరణ చట్టం అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చినవారికే పరిమితం. మయన్మార్ హిందువులకు అందులో చోటు లేదు. 1946 విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం కింద ఇచ్చిన మినహాయింపుల్లో టిబెటన్లూ, నమోదైన శ్రీలంక తమిళులూ ఉన్నారు గాని మయన్మార్ నుంచి వచ్చినవారు లేరు. గజపతి జిల్లా చంద్రగిరిలో 1960ల నుంచి ఉంటున్న టిబెటన్లకు ఉన్న రక్షణ, అక్కడికి కొద్ది గంటల దూరంలో ఉన్న ఈ తెలుగు కుర్రవాడికి లేదు. దీన్ని వివక్షగా వాదించాలని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. శాసన విధానాన్ని ప్రశ్నిస్తే కేసు ఏళ్లు పడుతుంది, ఈలోపు మనిషి విమానం ఎక్కిపోతాడు. అందుకే ఆ జోలికి వెళ్లలేదు.

భారత సంతతికి చెందిన విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు దారి కొంత ఆశ చూపింది. 1950 జనవరి 26 నాటికి భారత పౌరసత్వానికి అర్హుడైన వ్యక్తి మునిమనవడు కూడా పౌరసత్వ చట్టం 7ఎ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు. పల్లెలో రామాలయానికి రంగూన్ నుంచి చందా పంపినవారి పేర్లు చెక్కిన రాయి, పాత పట్టా, 1964లో తిరిగొచ్చినవారికి ఇచ్చిన ధ్రువపత్రం, 1950ల నాటి ఉత్తరాలు వంశక్రమాన్ని నిరూపించడానికి పనికివస్తాయి. అయితే దానికి చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, సక్రమ నివాసం కావాలి. పాస్‌పోర్టు గడువు తీరింది, పొడిగించుకోవాలంటే రాయబార కార్యాలయానికే వెళ్లాలి. ఆ కాగితాలన్నీ నకళ్లు తీయించి భద్రపరిచాం గాని, రిట్‌కు ముఖ్యాధారంగా వాడలేదు. అతను భారత సంతతివాడని గట్టిగా వాదించేకొద్దీ, అలాంటప్పుడు మయన్మార్ సైన్యానికి ఇతనితో పనేమిటన్న ఎదురుప్రశ్నకు తావిచ్చినట్టవుతుంది.

ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయంలో నమోదుకు వేరుగా దరఖాస్తు పంపాం. ఆ సంస్థకు చట్టపరమైన రక్షణలు ఉన్నందున దాని నిర్ణయాలు మన కోర్టుల్లో సమీక్షకు రావు. సమీక్ష చేయించుకోగలిగినది ప్రభుత్వ అధికారి రాసిన ఆ రెండు వాక్యాలనే.

కోర్టు ముందు పెట్టిన వాదన

ప్రతికూలమైన తీర్పులను మొదటే ఒప్పుకొని మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. విదేశీయుణ్ని బయటికి పంపే అధికారం ప్రభుత్వానికి సంపూర్ణంగా ఉందని 1955లో హాన్స్ ముల్లర్ కేసులోనూ, దేశంలో నివసించే హక్కు విదేశీయుడికి లేదని 1991లో లూయీ డి రేట్ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. 2021 ఏప్రిల్ 8న మొహమ్మద్ సలీముల్లా కేసులో, తిప్పి పంపబడకుండా ఉండే హక్కు పౌరులకు మాత్రమే ఉన్న నివాస హక్కుతో ముడిపడినదని చెప్పింది. అదే ఉత్తర్వులో, నిర్దేశించిన ప్రక్రియ పాటించకుండా రోహింగ్యాలను పంపరాదని కూడా చెప్పింది. మా పట్టంతా ఆ రెండో భాగం మీదే ఉంది.

దానికి మద్దతుగా జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం పౌరులు కానివారికీ వర్తిస్తుందన్న 1996 నాటి చక్మాల తీర్పునూ, పంపే ముందు కారణాలు తెలిపి చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్న 2006 నాటి హసన్ అలీ రైహానీ తీర్పునూ చూపాం. ప్రాణాపాయం ఉన్న చోటికి తిప్పి పంపకూడదన్న సూత్రం 21వ అధికరణంలో ఇమిడి ఉందని గుజరాత్ హైకోర్టు 1998లో ఇరాకీ శరణార్థుల కేసులోనూ, ఢిల్లీ హైకోర్టు 2015లోనూ, మణిపూర్ హైకోర్టు 2021 మే నెలలో నందితా హక్సర్ కేసులోనూ చెప్పాయి. చివరి రెండూ మయన్మార్ నుంచి వచ్చినవారివే. కటక్‌లో ఇవి కట్టుబడి తీరవలసినవి కావు, ఒప్పించడానికి పనికొచ్చేవి మాత్రమే.

నా అనుభవంలో ఇలాంటి కేసులో ఎక్కువ బలాన్నిచ్చేది శరణార్థి తీర్పు కాదు, సాధారణ పరిపాలనా న్యాయానికి చెందిన తీర్పు. అధికారి ఉత్తర్వు చెల్లుతుందా లేదా అన్నది ఉత్తర్వులో రాసిన కారణాలను బట్టే తేల్చాలని, తర్వాత కోర్టులో అఫిడవిట్ వేసి కొత్త కారణాలు చేర్చడానికి వీల్లేదని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా కేసులో రెండు వాక్యాల ఉత్తర్వును సమర్థిస్తూ ప్రభుత్వం నుంచి చాలా పేజీల కౌంటర్ (జవాబు అఫిడవిట్) వచ్చింది. మయన్మార్ పరిస్థితి, దౌత్య సంబంధాలు, భద్రత వంటివన్నీ అందులోనే మొదటిసారి కనిపించాయి. ఆ కౌంటర్ ఎంత బాగా రాస్తే మా వాదనకు అంత బలం చేకూరింది, ఎందుకంటే అవి ఆలోచించవలసిన విషయాలని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది, ఉత్తర్వు రాసిన రోజున ఎవరూ ఆలోచించలేదని కూడా రుజువైంది.

1946 విదేశీయుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం రుజువు భారం పిటిషనర్‌దేనని ప్రభుత్వ న్యాయవాది వాదించారు. ఆ సెక్షన్ ఒక మనిషి విదేశీయుడా కాదా అన్న ప్రశ్నకు సంబంధించినది. అతను విదేశీయుడని మేమే మొదటి పేరాలో ఒప్పుకున్నాం. వెనక్కి వెళ్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ సెక్షన్‌తో సంబంధం లేదు. జిల్లా స్థాయిలో ఈ రెండింటినీ కలిపేయడం తరచూ జరుగుతోంది కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

వెనక్కి వెళ్తే ఏమవుతుంది

ఈ భాగానికే మేము ఎక్కువ కాలం వెచ్చించాం. మయన్మార్‌లో పరిస్థితి బాగోలేదని నివేదికలు కుప్పగా జతచేస్తే సరిపోదు. ఇందుకు 1991 నాటి విల్వరాజా కేసును మించిన హెచ్చరిక లేదు. శరణు నిరాకరించి బ్రిటన్ 1988లో వెనక్కి పంపిన అయిదుగురు శ్రీలంక తమిళులలో కొందరు అక్కడ నిర్బంధానికీ దెబ్బలకూ గురయ్యారు. తర్వాత బ్రిటన్‌లోనే అప్పీలు అధికారి వారికి అనుకూలంగా తీర్పు ఇవ్వడంతో తిరిగి రాగలిగారు. అయినా ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం బ్రిటన్‌ది తప్పు కాదంది. పంపిన రోజున తెలిసిన విషయాలను బట్టే ప్రమాదాన్ని అంచనా వేయాలని, మిగతా తమిళ యువకులందరికంటే వీరికి ప్రత్యేక ప్రమాదం ఉన్నట్టు ఆ రోజున ఫైలులో లేదని దాని కారణం. బ్రిటన్‌లోని న్యాయ సమీక్ష బాధితులకు సరిపోయే న్యాయమార్గమేనని కూడా ఆ తీర్పు చెప్పింది. అక్కడి కోర్టులు 1987 నాటి బగ్డేకే కేసు నుంచి, ప్రాణాలకు సంబంధించిన నిర్ణయాలను అత్యంత జాగ్రత్తతో పరిశీలిస్తామని చెబుతూ వస్తున్నాయి. జాగ్రత్తగా పరిశీలించడానికైనా ఫైలులో ఏదో ఒకటి ఉండాలి. తర్వాత జరిగిన హింస ముందటి ఫైలును నింపదు.

అందుకని పిటిషనర్‌కు మాత్రమే సంబంధించిన ప్రమాదాన్ని నాలుగు వైపుల నుంచి ఫైలులోకి తెచ్చాం. వార్డులో పేరు పడ్డట్టు తల్లి పంపిన ఫోన్ సందేశాలను తేదీలతో సహా బర్మీస్ నుంచి తెలుగులోకి, ఇంగ్లిషులోకి అనువాదం చేయించాం. కుటుంబ నమోదు పత్రంలో అతని వయసు, ఇంట్లో లేడన్న విషయం రాసి ఉన్నాయి. అక్కడ ఇంటింటికీ ఉండే ఆ పత్రాన్ని చూసే వార్డు అధికారులు ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అని లెక్క తీస్తారు. పోల్చి చూడడానికి థాయ్‌లాండ్ నుంచి సరిహద్దు పట్టణం రనోంగ్ మీదుగా మయన్మార్‌లోని కాథౌంగ్‌లో అప్పగించిన యువకులను నేరుగా సైన్యంలోకి తీసుకున్నట్టు వచ్చిన పత్రికా కథనాలను జతచేశాం. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం కింద భారత సంతతివారి స్థానం ఏమిటో వివరిస్తూ ఒక పత్రం పెట్టాం.

ఈ చివరి దాని అవసరం వాదనల్లో తెలిసింది. భారత సంతతి హిందువును అక్కడి సైన్యం పట్టించుకోదని, బలవంతపు చేరికలు అక్కడి మెజారిటీ జాతి అయిన బర్మన్ యువకుల సమస్య అని ప్రభుత్వ పక్షం అన్నది. ఆ సైన్యం పౌరులుగానే గుర్తించని రోహింగ్యాలను కూడా 2024లో రఖైన్‌లో వెయ్యి మందికి పైగా బలవంతంగా చేర్చుకుందని హక్కుల సంస్థలు నమోదు చేశాయి. ఏ తరగతి పౌరుడో చూపే పౌరసత్వ కార్డు రంగు సైన్యంలో చేర్చుకోవడానికి అడ్డు కాలేదని దీనితో తేలింది.

సైనిక సేవను తప్పించుకోవడం హింసకు గురికావడంతో సమానమా అన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. ప్రతి దేశానికీ నిర్బంధ సైనిక సేవ విధించే అధికారం ఉంది, యుద్ధమంటే ఇష్టం లేదన్నంత మాత్రాన శరణార్థి కాలేడని బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ 2003లో సెపెట్, బుల్బుల్ కేసులో చెప్పింది. ఆ సేవలో యుద్ధ నియమాలకు విరుద్ధమైన పనులు చేయవలసి వచ్చేటట్టుంటే లెక్క మారుతుందని కూడా అదే తీర్పులో ఉంది. శరణార్థుల హైకమిషనర్ 2013లో ఇచ్చిన పదో నంబరు మార్గదర్శకాలు ఈ విషయాన్నే విస్తరిస్తాయి. మయన్మార్ సైన్యం పౌరుల మీద చేస్తున్న వైమానిక దాడులు అందరికీ తెలిసినవే. హింసను వెంటనే ఆపాలన్న భద్రతామండలి 2669వ తీర్మానాన్ని (2022 డిసెంబరు) జతచేశాం. ఆ ఓటింగ్‌లో భారత్ తటస్థంగా ఉంది. ఆ సంగతి దాచకుండా మేమే చెప్పి, తీర్మానాన్ని అక్కడి పరిస్థితికి సాక్ష్యంగా మాత్రమే చూపుతున్నామని, భారత విదేశాంగ విధానాన్ని ప్రశ్నించడం లేదని రాతపూర్వకంగా స్పష్టం చేశాం. ఇలాంటి కేసుల్లో ధర్మాసనం వెనుకంజ వేసేది ఎక్కువగా అక్కడే.

పరిస్థితి చక్కబడిందన్న వాదన కూడా వచ్చింది. 2025 జులై 31న అత్యవసర పరిస్థితి ఎత్తేశారని, ఎన్నికలు జరుగుతాయని కౌంటర్‌లో రాశారు. అదే రోజున అరవైకి పైగా టౌన్‌షిప్‌లలో సైనిక శాసనం విధించారన్నది, సైనిక సేవా చట్టం రద్దు కాలేదన్నది మా జవాబు. మణిపూర్ ప్రభుత్వం 2024లో 77 మందిని మయన్మార్‌కు పంపిందని, ఏ ఇబ్బందీ రాలేదని ప్రభుత్వ పక్షం చెప్పింది. సరిహద్దు దాటిన తర్వాత వారికి ఏమైందో చెప్పే ఒక్క కాగితమూ కౌంటర్‌తో రాలేదు. తెలియకపోవడాన్ని క్షేమంగా లెక్కించడానికి వీల్లేదని మేము గట్టిగా వాదించాం, ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

2025 మే నెలలో ఒక శ్రీలంక జాతీయుడి కేసులో భారతదేశం ధర్మశాల కాదన్న సుప్రీంకోర్టు వ్యాఖ్యను కూడా ప్రభుత్వ న్యాయవాది చదివి వినిపించారు. ఆ వ్యక్తి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద శిక్ష పడినవాడు. మా పిటిషనర్ మీద ఉన్నది వీసా గడువు మించిన నేరం ఒక్కటే, దానికి శిక్షా పూర్తయింది. పైగా మేము ఇక్కడ ఉండే హక్కు అడగలేదు, పంపే ముందు ఆలోచించమని మాత్రమే అడిగాం.

క్రమం ఎందుకు ముఖ్యం

తిరస్కరణ ఉత్తర్వులోని రెండో వాక్యం, జాతీయత నిర్ధారణ కొనసాగించాలన్నది, చూడడానికి కార్యాలయంలో మామూలుగా జరిగే పనిలో భాగంగా కనిపిస్తుంది. ఆచరణలో దాని అర్థం, వివరాల పత్రం నింపి విదేశాంగ శాఖ ద్వారా మయన్మార్ రాయబార కార్యాలయానికి పంపడం, వాళ్ల అధికారి వచ్చి ఇతన్ని కలవడం, అక్కడి స్వగ్రామంలో విచారణ జరగడం. ఆ విచారణకు వెళ్లేది వార్డు కార్యాలయానికే, చీటీలో పేరు తీసినదీ అదే కార్యాలయం. తల్లి ఒంటరిగా ఉంటుంది. కొడుకు ఎక్కడున్నాడో తెలియదని ఆమె అప్పటికి చెబుతూ వస్తోంది.

తర్వాత కోర్టు ఉత్తర్వు రద్దు చేసినా, అప్పటికే పంపిన పత్రాన్ని వెనక్కి తీసుకోలేం. కెనడాలో తిప్పి పంపే ముందు ప్రమాదాన్ని అంచనా వేసే ప్రక్రియ చట్టం 112వ సెక్షన్‌లోనే ఉంది. మనకు అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి, 2011 కార్యవిధానంలోని మొదటి మెట్టునే ఆ అంచనాగా చదవాలని, అది కారణాలతో సహా పూర్తయ్యేదాకా రెండో మెట్టైన రాయబార కార్యాలయ సంప్రదింపులు మొదలుపెట్టకూడదని వాదించాం. మధ్యంతర ఉత్తర్వుగా అడిగినది కూడా ఇదే. తిప్పి పంపడం మీద స్టే మాత్రమే అడిగి ఉంటే మనిషి ఇక్కడే ఉండేవాడు, పేరు మాత్రం అక్కడికి చేరిపోయేది. పిటిషన్ వేసిన రోజునే తాత్కాలిక ఉత్తర్వు కోసం విడిగా దరఖాస్తు పెట్టి, పిటిషనర్ పేరును కాజ్ లిస్టులో (కోర్టు రోజువారీ కేసుల జాబితాలో) పొడి అక్షరాలతో మాత్రమే చూపాలని, అనుబంధ పత్రాలను మూసిన కవరులో ఉంచాలని కూడా కోరాం. రెండూ మంజూరయ్యాయి.

కోర్టు చేసినది, ప్రస్తుత స్థితి

ధర్మాసనం ప్రాణాపాయమున్న చోటికి తిప్పి పంపరాదన్న సూత్రం పిటిషనర్‌కు హక్కుగా వర్తిస్తుందా అన్న ప్రశ్నను తేల్చలేదు. సలీముల్లా ఉత్తర్వు ఉండగా హైకోర్టు దాని జోలికి వెళ్లాల్సిన అవసరం లేదంటూ తెరిచి వదిలేసింది. మేము అంతకు మించి ఆశించలేదు. తిరస్కరణలో కారణాలు లేవని, ఆ తర్వాత అఫిడవిట్‌లో చేర్చినవి లెక్కలోకి రావని, పిటిషనర్‌కు రాని భాషలో రాసిన వాంగ్మూలం మీద మాత్రమే ఆధారపడడం న్యాయం కాదని చెప్పి ఉత్తర్వును రద్దు చేసింది. తెలుగు దుభాషి సమక్షంలో మళ్లీ విచారించి, తిరిగి వెళ్తే ఎదురయ్యే ప్రమాదం మీద ప్రత్యేకంగా అభిప్రాయం రాసి, పన్నెండు వారాల్లో నిర్ణయం చెప్పాలని ఆదేశించింది. అప్పటివరకూ రాయబార కార్యాలయంతో ఎలాంటి సంప్రదింపులూ జరపకూడదు. నిర్ణయం వ్యతిరేకంగా వచ్చినా, దాని ప్రతి పిటిషనర్‌కు అందిన 14 రోజుల దాకా అదే నిషేధం కొనసాగుతుంది.

నిర్బంధం విషయంలో ఆరు నెలల గడువు దాటినందున ఇద్దరు స్థానికుల జామీను మీద, పదిహేను రోజులకోసారి పోలీస్ స్టేషన్‌లో హాజరు షరతుతో విడుదల చేయించింది. జామీనుకు నిలబడినవారిలో ఒకరు తాతగారు, మరొకరు ఆ పల్లెలో బోటు యజమాని. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకు ఈ తీరాన ఉన్న పరపతి ఇక్కడ ఉపయోగపడింది. మన జిల్లాల్లో విదేశీయుడికి స్థానిక జామీను దొరకక విడుదల ఉత్తర్వు కాగితంగానే మిగిలిన సందర్భాలు ఉన్నాయి.

కొత్త విచారణ జరిగింది. వాంగ్మూలాన్ని ఈసారి తెలుగులో రాసి, చదివి వినిపించి, ఒడియా అనువాదాన్ని పక్కన జతపరిచారు. చీటీ సంగతి, తల్లి ఫోన్ సందేశాలు, కుటుంబ నమోదు పత్రం అన్నీ అందులో చేరాయి. నిర్ణయం ఇంకా రాలేదు. పన్నెండు వారాలు సరిపోవని ప్రభుత్వం అడిగితే కోర్టు గడువు పొడిగించింది, సంప్రదింపుల మీద నిషేధాన్ని కూడా అంతవరకూ పొడిగించింది. తిరస్కరణే వస్తే ఆ 14 రోజుల్లో వేయవలసిన రెండో పిటిషన్‌కు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. సిఫారసు వస్తే ఫైలు దీర్ఘకాలిక వీసా కోసం ఢిల్లీకి వెళ్తుంది, అది దొరికిన తర్వాత ప్రైవేటు ఉద్యోగం చేసుకోవడానికి అతనికి అనుమతి ఉంటుంది. అంతవరకూ అతను పల్లెలో వలలు బాగుచేసే పనికి కూడా వెళ్లకూడదన్నది విడుదల షరతుల్లో ఉంది. దాన్ని సడలించమని వేసిన దరఖాస్తు వచ్చే వాయిదాకు ఉంది.